లోపాల లెక్క, కంట్రోల్ చార్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒక్కొక్క నమూనాలో కనిపించిన లోపాల సంఖ్యను కాలక్రమంలో చుక్కలుగా పెట్టి, ఆ అంకెల నుంచే లెక్కకట్టిన సగటు గీతను మధ్యన, హద్దు గీతలను పైనా కిందా గీస్తే అది కంట్రోల్ చార్టు అవుతుంది. గీయడం పది నిమిషాల పని. చదవడం దగ్గరే చిక్కులన్నీ వస్తాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ చదవడం గురించినవే.

ప్రశ్న: మేము ప్యాకింగుకు వాడే ప్లాస్టిక్ ఫిల్ము తయారుచేస్తాము. ప్రతి రోల్ నుంచి 10 చదరపు మీటర్ల ముక్క కోసి, కింద లైటు ఉన్న అద్దపు బల్ల మీద పరిచి, నల్ల మచ్చలు, సూదిబెజ్జాలు, గీతలు, కరగకుండా మిగిలిన గడ్డలు అన్నీ కలిపి లెక్కపెడతాము. వరుసగా 20 రోల్స్‌లో వచ్చిన అంకెలు ఇవి: 7, 4, 9, 6, 2, 8, 11, 5, 6, 10, 3, 7, 8, 19, 5, 4, 9, 6, 12, 3. దీనికి ఏ చార్టు వాడాలి? 14వ రోల్‌ను ఏం చేయాలి?

జవాబు: మీరు లెక్కపెడుతున్నది లోపాలను, లోపమున్న రోల్స్‌ను కాదు. ఈ తేడాను మొదటే తేల్చుకోవాలి, ఎందుకంటే ఏ చార్టు వాడాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. ఒక బోల్టును గేజిలో పెట్టి చూసి పాసయిందనో రిజెక్టయిందనో పక్కన పెడితే, వందలో ఎన్ని రిజెక్టయ్యాయన్నది ఒక నిష్పత్తి. దానికి పీ చార్టు సరిపోతుంది, నమూనాలోని వస్తువుల సంఖ్య ఎప్పుడూ ఒకటే అయితే ఎన్‌పీ చార్టు మరింత సులువు. మీ ఫిల్ము సంగతి వేరు. ఒకే ముక్కలో రెండు లోపాలూ ఉండవచ్చు, పన్నెండూ ఉండవచ్చు, వాటికి ముందుగా నిర్ణయమైన గరిష్ఠ సంఖ్య అంటూ లేదు. పైగా మీరు చూసే వైశాల్యం ప్రతిసారీ ఒక్కటే. అందుచేత మీకు తగినది, ఒక్కో నమూనాలోని లోపాల సంఖ్యనే చుక్కగా పెట్టే సీ చార్టు.

20 రోల్స్‌లో కలిపి 144 లోపాలున్నాయి కాబట్టి సగటు 7.2. ఇలాంటి లెక్కలు సాధారణంగా పాయిజాన్ విభాజనాన్ని (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడే లోపాల సంఖ్య ఎలా చెదురుతుందో చెప్పే సూత్రాన్ని) అనుసరిస్తాయి. అందులో విచలనాన్ని (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను, దీన్నే సిగ్మా అంటారు) విడిగా లెక్కకట్టే పని లేకుండా సగటుకు వర్గమూలం తీస్తే చాలు. 7.2కు వర్గమూలం 2.68, దానికి మూడింతలు 8.05. సగటుకు కలిపితే పై హద్దు 15.25 అవుతుంది, సగటు నుంచి తీసివేస్తే సున్నా కన్నా తక్కువ వస్తుంది, లోపాలు అంతకన్నా తగ్గలేవు కాబట్టి కింది హద్దు లేనట్టే లెక్క. 19 లోపాలున్న 14వ రోల్ పై హద్దును స్పష్టంగా దాటింది.

ఇక్కడ చాలామంది తొందరపడి ఆ చుక్కను కొట్టేసి మళ్లీ లెక్క కడతారు. కారణం దొరికి, దాన్ని సరిచేసిన తరువాతే ఒక చుక్కను లెక్కలోంచి తీసే హక్కు వస్తుంది. కారణం తెలియని చుక్కను తీసేస్తే హద్దులు దగ్గరపడి చార్టు చూడముచ్చటగా తయారవుతుంది కానీ, అదే కారణం వచ్చే నెల మళ్లీ వస్తుంది.

కారణం వెతకడానికి నేను చూసిన ఒక పద్ధతి చెబుతాను. నేను పనిచేసిన ఒక ప్లాంటులో ఇటువంటి చుక్కే వచ్చినప్పుడు అందరూ ముడిసరుకును అనుమానించారు. రికార్డు తీసి చూస్తే అంతకుముందు నడిచిన పది రోల్స్‌కూ అదే లాటు సరుకు వాడినట్టు ఉంది. అప్పుడు ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ముక్కలో మచ్చ ఉన్న ప్రతి చోటా స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి, ఆ సున్నాలను ఒక గళ్ల కాగితం మీదికి దించాడు. నాలుగింట మూడు వంతుల మచ్చలు ఫిల్ము ఎడమ అంచు నుంచి జానెడు వెడల్పులోనే ఉన్నాయి. దోషం ముడిసరుకులో ఉంటే మచ్చలు వెడల్పంతా చల్లినట్టు ఉండేవి. డై (కరిగిన ప్లాస్టిక్ ఫిల్ముగా బయటికి వచ్చే సన్నని నోరు) విప్పి చూస్తే ఎడమ చివర ప్లాస్టిక్ కాలి గట్టిపడి, పెచ్చులుగా ఊడి ఫిల్ములో కలుస్తోంది. ఫలానా రోల్‌ను చూడమని చెప్పింది చార్టు, డైలో ఏ వైపు చూడాలో చెప్పింది ఆ గళ్ల కాగితం. మీ 14వ రోల్ ముక్క ఇంకా పారేయకుండా ఉంటే ఈ రోజే ఆ పని చేయండి.

కారణం దొరికిందనుకుందాం. 14వ రోల్‌ను తీసేస్తే మిగిలిన 19లో 125 లోపాలు, సగటు 6.58, పై హద్దు 14.27. ఇకపై రోజువారీ చార్టుకు ఈ గీతలు వాడండి. అయితే నాలుగు రకాల లోపాలను ఒకే అంకెలో కలపడం నాకు అంతగా నచ్చలేదు. గీతలు యంత్రం మీది రోలర్ల వల్ల పడతాయి, గడ్డలు కరగకపోవడం వల్ల మిగులుతాయి, మచ్చలు కాలడం వల్ల వస్తాయి. గీతలు తగ్గి గడ్డలు పెరిగిన నెలలో మొత్తం మారకుండా ఉండి, చార్టు ఏమీ జరగనట్టు చూపిస్తుంది. మొత్తానికి ఒక చార్టు ఉంచుకుంటూనే, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే రకానికి విడిగా మరొకటి నడపండి.

ప్రశ్న: హద్దులకు విచలనాన్ని మూడింతలు చేసే ఈ మూడు సిగ్మాల లెక్క ఎక్కడిది? రెండు సిగ్మాలు పెడితే లోపాలు త్వరగా పట్టుబడతాయి కదా?

జవాబు: అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి ఒక చిన్న మెమో పంపాడు, కంట్రోల్ చార్టు మొదటి రూపం అందులోనే ఉంది. ఆయన ముందున్న సమస్య రెండు రకాల పొరపాట్ల గురించినది: ఏమీ జరగనప్పుడు ఏదో జరిగిందని పరుగెత్తడం ఒకటి, నిజంగా జరిగినప్పుడు మామూలేనని ఊరుకోవడం మరొకటి. ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. ఈ రెండిటి ఖర్చునూ బేరీజు వేసుకుంటే మూడు సిగ్మాలు అనుభవంలో బాగా పనిచేశాయి. అందుచేత అది గణిత సిద్ధాంతం నుంచి పుట్టిన సంఖ్య అని చెప్పడం సరికాదు.

నార్మల్ విభాజనమైతే (అంటే అంకెలు సగటుకు రెండు పక్కలా సమానంగా, గంట ఆకారంలో చెదిరితే) మూడు సిగ్మాల హద్దు బయట కారణం లేకుండానే పడే చుక్కలు సుమారు 370కి ఒకటి, రెండు సిగ్మాలైతే 22కు ఒకటి. లోపాల లెక్క పైవైపుకు కొంత సాగి ఉంటుంది కాబట్టి ఈ అంకెలు అచ్చంగా అవే రావు. పై ప్రశ్నలోని 6.58 సగటుకు లెక్క కడితే ఉత్త పుణ్యానికి హద్దు దాటేది 300 రోల్స్‌కు ఒకటి. రోజుకు 20 రోల్స్ తీసే చోట రెండు సిగ్మాలు పెడితే ఇంచుమించు రోజుకొక వృథా హెచ్చరిక తప్పదు, రెండు వారాలు తిరిగేసరికి ఆ చార్టు వైపు ఎవరూ తల తిప్పరు.

ప్రశ్న: మాకు వచ్చే నమూనాల వైశాల్యం ఒక్కోసారి 5 చదరపు మీటర్లు, ఒక్కోసారి 20. అన్నిటినీ ఒకే చార్టులో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు, కానీ లోపాల సంఖ్యకు బదులు చదరపు మీటరుకు ఎన్ని లోపాలన్నది పెట్టాలి, దాన్ని యూ చార్టు అంటారు. ఇందులో మధ్య గీత అన్ని నమూనాలకూ ఒకటే అయినా, హద్దులు మాత్రం ప్రతి నమూనాకూ దాని వైశాల్యాన్ని బట్టి మారుతూ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. సగటును వైశాల్యంతో భాగించి, వర్గమూలం తీసి, మూడింతలు చేసి సగటుకు కలపాలి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. సగటు చదరపు మీటరుకు 0.66 లోపాలనుకుందాం. 5 చదరపు మీటర్ల ముక్కలో 8 లోపాలు కనిపిస్తే అది మీటరుకు 1.6, ఆ ముక్కకు పై హద్దు 1.75 కాబట్టి అది హద్దు లోపలే ఉంది. 20 చదరపు మీటర్ల ముక్కలో 26 లోపాలు కనిపిస్తే మీటరుకు 1.3 మాత్రమే, కానీ దాని పై హద్దు 1.20 కాబట్టి అది బయటపడింది. చూపుకు రెండోదే మెరుగ్గా ఉన్నా, వెతకవలసింది దాని కారణాన్నే. చిన్న ముక్కలో ఎనిమిది అదాటుగా రావచ్చు, పెద్ద ముక్కలో అంత వైశాల్యం మీద సగటు రెట్టింపు కావడం అదాటు కాదు. చాలా చోట్ల సౌకర్యం కోసం సగటు వైశాల్యంతో ఒకే హద్దు గీసి నడిపేస్తారు. నమూనాలు ఒకదానికొకటి పాతిక శాతం లోపు తేడాతో ఉంటే దానివల్ల పెద్దగా నష్టం లేదు, మీ దగ్గర నాలుగింతల తేడా ఉంది కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు.

ప్రశ్న: 10 చదరపు మీటర్లకు 10 లోపాలు దాటితే కొనేవారు సరుకు తిప్పి పంపుతారు. మా మేనేజరు చార్టులో 14 దగ్గరున్న పై హద్దును చెరిపేసి 10 దగ్గర ఎర్రగీత గీశారు. ఆ గీత దాటినప్పుడల్లా షిఫ్టు సూపర్‌వైజర్ వివరణ రాసివ్వాలి. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. 10 అన్నది కొనేవారి కోరిక, 14 అన్నది మీ యంత్రం స్వభావం. ఈ రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన అంకెలు, వాటిని ఒకే గీతగా కలిపితే రెండింటి అర్థమూ పోతుంది. మొదటి ప్రశ్నలోని రోల్స్‌నే తీసుకోండి. 14వ రోల్ కాక 11, 12 లోపాలున్నవి మరో రెండు ఉన్నాయి. ఆ రెండూ మిగిలిన పదిహేడింటి లాగే, అదే సరుకుతో, అదే ఉష్ణోగ్రత దగ్గర తయారై ఉంటాయి. వాటికి ప్రత్యేకమైన కారణం లేదు కాబట్టి సూపర్‌వైజర్ ఎంత నిజాయితీపరుడైనా కల్పించి రాయవలసిందే: ఒకరోజు కరెంటు హెచ్చుతగ్గులు, ఒకరోజు వర్షం, ఒకరోజు కొత్త హెల్పరు.

అంటే 11 లోపాల రోల్‌ను కొనేవారికి పంపేయమని కాదు. దాన్ని ఆపవలసిందే. కానీ ఆపడం తనిఖీ పని, కారణం వెతకడం చార్టు పని. 10 దాటే రోల్స్ దాదాపు రాకూడదంటే ఆ ఒక్క రోల్‌ను పట్టుకుని ప్రశ్నిస్తే ప్రయోజనం లేదు, మొత్తం సగటే దిగాలి. ఎంతకు దిగాలో కూడా లెక్క చెబుతుంది: సగటు 4 అయితే వర్గమూలం 2, మూడింతలు 6, పై హద్దు సరిగ్గా 10. సగటును 6.58 నుంచి 4కు తేవడం సూపర్‌వైజర్ సంజాయిషీతో అయ్యే పని కాదు. సన్నని కన్నుల ఫిల్టరు జాలీ, మెరుగైన రెసిన్, డై శుభ్రం చేసే వ్యవధి వంటి నిర్ణయాలు కావాలి, అవి తీసుకోగలిగినది మేనేజరే. ఎర్రగీతను పక్కన వేరే కాగితం మీద ఉంచుకోమని ఆయనతో చెప్పి చూడండి.

ప్రశ్న: చుక్కలన్నీ హద్దుల లోపలే ఉన్నాయి. అయినా లోపాలు పెరిగిన ప్రతిసారీ మా ఆపరేటరు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గిస్తాడు, తగ్గితే మళ్లీ పెంచుతాడు. దీనివల్ల నష్టమేమైనా ఉందా?

జవాబు: ఉంది. హద్దుల లోపలి హెచ్చుతగ్గులు చాలా చిన్న కారణాలు ఎన్నో కలిసి తెచ్చేవి, పక్క రోల్‌లో అవి వాటంతట అవే మరో పక్కకు మొగ్గుతాయి. వాటికి ఎదురుగా యంత్రాన్ని తిప్పితే సహజమైన ఊగిసలాటకు మనిషి ఊగిసలాట తోడవుతుంది. అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ దీన్ని గరాటుతో చేసి చూపేవారు: కింద ఒక గురి పెట్టి, గరాటులోంచి గోళీ వదిలి, గోళీ ఎంత పక్కకు పడితే గరాటును అంత రెండో పక్కకు జరుపుతూ పోతే, గోళీల చెదురు తగ్గకపోగా పెరుగుతుంది. పూత మందం వంటి కొలతల్లో ప్రతి పొరపాటునూ పూర్తిగా ఎదురు సవరిస్తే వేరియన్స్ (విచలనానికి వర్గం) రెట్టింపవుతుంది, అంటే విచలనం 1.41 రెట్లవుతుంది. ఆపరేటరును తప్పుపట్టకండి, చేతులు కట్టుకుని కూర్చున్నాడన్న మాట పడకూడదని చాలామంది ఆ నాబును తిప్పుతారు. ఏ పరిస్థితిలో ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో చార్టు పక్కనే రాసి పెట్టండి.

ప్రశ్న: అలాగని హద్దు దాటేవరకు ఊరుకుంటే, మెల్లగా దిగజారే నాణ్యత ఎప్పటికి తెలుస్తుంది?

జవాబు: హద్దు దాటడం ఒక్కటే సూచన కాదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1956లో తన కార్ఖానాల కోసం అచ్చువేసిన నియమాల్లో, వరుసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకు ఒకే పక్కన పడటం కూడా హెచ్చరికే. నాణెం ఎనిమిదిసార్లు వరుసగా ఒకే వైపు పడే అవకాశం 128కి ఒకటి. ఇదీ ఇంచుమించు అంతే. ఆ నియమాలన్నీ ఒకేసారి పెట్టుకుంటే వృథా హెచ్చరికలు పెరుగుతాయి కాబట్టి నేనైతే హద్దు దాటడం, ఎనిమిది చుక్కల వరుస, ఈ రెండిటితో మొదలుపెడతాను. సగటులో చిన్న మార్పును త్వరగా పట్టుకోవలసిన చోట, తేడాలను కూడుతూ పోయే క్యుసమ్ చార్టు (దీన్ని ఇ. ఎస్. పేజ్ 1954లో ప్రతిపాదించారు), పాత అంకెలకు క్రమంగా తక్కువ బరువు ఇచ్చే ఈడబ్ల్యుఎంఏ చార్టు ఉన్నాయి. కాగితం మీద నడిపే చోట వీటికి వివరించే మనిషి ఒకరు ఎప్పుడూ దగ్గరుండాలి.

ప్రశ్న: మేము రోజుకు దాదాపు 20,000 క్యాపులు (మూతలు) తయారుచేస్తాము, కెమెరా ప్రతి ఒక్కదాన్నీ చూస్తుంది. రిజెక్టు సగటు 2 శాతం. పీ చార్టు వేస్తే సగం రోజులు హద్దు బయటే ఉంటున్నాయి. లైనులో ప్రత్యేకంగా ఏమీ జరగడం లేదు. లెక్కలో తప్పుందా?

జవాబు: లెక్కలో తప్పు లేదు, లెక్క వెనుకనున్న ఊహలో ఉంది. పీ చార్టు ప్రతి క్యాపుకూ చెడిపోయే అవకాశం రోజంతా, నెలంతా కచ్చితంగా 2 శాతమే అనుకుంటుంది. ఆ ఊహతో 20,000కు హద్దులు 1.70, 2.30 శాతాల దగ్గర వస్తాయి. అంత ఇరుకైన సందులో మసలాలంటే ముడిసరుకు బ్యాచీలు, రంగు, అచ్చుల వేడి, గదిలోని తేమ అన్నీ ఏ రోజుకారోజు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలి. నమూనా చిన్నదైనప్పుడు ఈ రోజువారీ తేడా చుక్కల చెదురులో కలిసిపోయి కనిపించదు; నమూనా వేలకు చేరేసరికి అదే పెద్దదై కనిపిస్తుంది.

సులువైన మార్గం ఒకటుంది. రోజు శాతాన్ని ఒక మామూలు కొలతగా భావించి, ఒక రోజుకూ మరుసటి రోజుకూ ఉన్న తేడాల సగటు తీసి, దాన్ని 2.66తో గుణించి మధ్య గీతకు రెండు పక్కలా పెట్టండి. ఆ తేడాల సగటు 0.30 అయితే హద్దులు సుమారు 1.2, 2.8 దగ్గర వస్తాయి. రోజుకు తయారయ్యే సంఖ్య బాగా మారుతూ ఉంటే డేవిడ్ లేనీ 2002లో సూచించిన సవరించిన పీ చార్టు మేలు. అది ఈ రెండు పద్ధతులనూ కలుపుతుంది, గణాంకాల సాఫ్ట్‌వేర్లలో చాలావరకు దొరుకుతుంది.

అయితే హద్దులు వెడల్పు చేసే ముందు ఒక్కమాట. రోజుకూ రోజుకూ మధ్య ఇంత తేడా ఎందుకుందన్న ప్రశ్న హద్దు జరపగానే తీరిపోదు. ముడిసరుకు లాటు మారిన రోజులను ఒక రంగులో, మారని రోజులను మరో రంగులో గుర్తించి ఒక నెల చూడండి. రంగులు విడివిడిగా పేరుకుంటే లాటు తేడా ప్రత్యేక కారణమే. అప్పుడు మీరు వెడల్పు చేసే హద్దు సరఫరాదారు లోపాన్ని దాచే తెర అవుతుంది.

ప్రశ్న: పూత పూసిన రేకు చుట్టల నుంచి 10 మీటర్ల పొడవు చొప్పున చూస్తున్నాము. లొట్టల సంఖ్య 6, 7, 6, 6, 7, 6, 7, 6, 6, 7, 6, 6 అని వస్తోంది. ప్రక్రియ ఇంత స్థిరంగా ఉన్నందుకు సంతోషించవచ్చా?

జవాబు: సంతోషించే ముందు టేపు తీసుకుని లొట్టకూ లొట్టకూ మధ్య దూరం కొలవండి. సగటు ఆరున్నర దగ్గరుంటే అంకెలు రెండు నుంచి పదకొండు దాకా చెదిరి ఉండాలి. యాదృచ్ఛికంగా పడే లోపాలు ఇంత క్రమశిక్షణతో ఉండవు. నా అనుమానం, ఆ దూరం ప్రతిసారీ ఒకటే, సుమారు 157 సెంటీమీటర్లు ఉంటుందని. అదే నిజమైతే లైనులో 50 సెంటీమీటర్ల వ్యాసమున్న రోలర్ ఎక్కడుందో వెతికి, దాని ఒంటి మీద చెయ్యి పెట్టి నిమరండి. ఎక్కడో ఒక చోట బొడిపె తగులుతుంది. దాని చుట్టుకొలత 157 సెంటీమీటర్లు కాబట్టి 10 మీటర్లలో ఆరుసార్లో ఏడుసార్లో గుర్తు పడుతుంది. ఇలాంటి చోట చూడవలసింది లొట్టల సంఖ్యను కాదు, మధ్య దూరాన్ని. సీ చార్టు ఇక్కడ పనికిరాదు, లోపాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడాలన్నది దాని మొదటి షరతు.

దూరాలు క్రమం లేకుండా ఉంటే మిగిలినది ఒకటే అనుమానం: రేకును చూడకుండా నిన్నటి అంకెకు అటూ ఇటూగా రాస్తున్నారని. అలాంటప్పుడు కసురుకోవడం కన్నా, ఎక్కువ లోపాలు రాసినవారికి మీ దగ్గర ఏం జరుగుతోందో చూసుకోవడం మంచిది. ఎనిమిది రాసిన రోజున మాటలు పడ్డవాడు మరునాడు ఆరు రాస్తాడు.

ప్రశ్న: ఉదయం షిఫ్టు చుక్కలు ఎప్పుడూ కింద, రాత్రి షిఫ్టు చుక్కలు ఎప్పుడూ పైన. రాత్రిపూట నిజంగా లోపాలు ఎక్కువా?

జవాబు: ముందు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లనూ పరీక్షించండి. 30 ముక్కలు ఎంచి, ఎవరు ఎంత చెప్పారో రెండోవారికి తెలియకుండా ఇద్దరి చేతా లెక్కపెట్టించి, వారం తరువాత వరుస మార్చి మళ్లీ లెక్కపెట్టించండి. ఇద్దరి అంకెలూ ఒకే ముక్కకు వేరుగా వస్తే చార్టు చూపుతున్నది కంటి తేడానే. గోరుతో గీకితే తగిలేదే గీత, తగలనిది గీత కాదు వంటి కొలమానం రాసుకోవడం, ఆమోదించిన ముక్క ఒకటి, తిరస్కరించిన ముక్క ఒకటి బల్ల దగ్గర వేలాడదీయడం, రెండు షిఫ్టులకూ ఒకే లైటు వెలుతురు ఉండేలా చూడటం: ఇంతవరకు చేసి, అప్పటికీ తేడా మిగిలితే యంత్రం దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా దగ్గర ఒక తీవ్రమైన లోపం వేలల్లో ఒకటి వస్తుంది. చార్టంతా సున్నాలే. దీన్ని ఎలా గమనించాలి?

జవాబు: లోపాలను లెక్కపెట్టడం మానేసి, ఒక లోపానికీ మరో లోపానికీ మధ్య ఎన్ని మంచి వస్తువులు వచ్చాయో లెక్కపెట్టండి. దీన్ని జీ చార్టు అంటారు. వస్తువులకు బదులు రోజులో, గంటలో లెక్కపెడితే టీ చార్టు. నమూనాకు సగటు 0.2 లోపాలుంటే సీ చార్టు పై హద్దు 1.54, అంటే రెండు లోపాలు కనబడగానే హెచ్చరిక వస్తుంది. ఇక మెరుగుదల అసలు కనిపించదు, సున్నా కన్నా కిందకు చోటు లేదు కాబట్టి. మధ్య దూరాన్ని తీసుకుంటే చుక్క పైకి పోవడం మంచికీ, కిందికి దిగడం చెడుకూ సూచన. గోడ మీద చార్టు పెట్టేటప్పుడు ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే అలవాటు కొద్దీ అందరూ తలకిందులుగా చదువుతారు.

ప్రశ్న: హద్దులను ఎన్నాళ్లకొకసారి మళ్లీ లెక్కకట్టాలి? మా దగ్గర ప్రతి నెలా ఒకటో తేదీన మారుస్తారు.

జవాబు: తేదీ వచ్చిందని మార్చవద్దు. ప్రతి నెలా మారిస్తే, నెలకు కొంచెం చొప్పున దిగజారే ప్రక్రియకు హద్దులు కూడా దాని వెంటే జరుగుతాయి, చుక్కలు ఎప్పటికీ బయటపడవు. మూడు విషయాలు జరిగినప్పుడే మార్చండి: ప్రక్రియలో మీరు కావాలని ఒక మార్పు చేశారు, చుక్కలు దాన్ని వరుసగా ఒకే పక్కన పడి చూపించాయి, ఆ మార్పు నిలిచే ఉంటుందని మీకు తెలుసు. అప్పుడు కొత్త పద్ధతిలో కనీసం 20 నమూనాలు వచ్చేదాకా ఆగి, వాటితో గీతలు గీయండి. పాత హద్దులను చెరపకుండా మార్పు జరిగిన రోజు దగ్గర నిలువుగీత గీసి, ఏం మార్చారో ఒక్క వాక్యంలో దాని పక్కనే రాసి, కొత్త గీతలు అక్కడి నుంచి మొదలుపెట్టండి.